కారుని కావాలనే కాస్త చెడగొట్టాలి: రేసింగ్ డిజైన్‌లో అసలు తలనొప్పి

క్లుప్తంగా: రేసు కారుని సురక్షితంగా చేయడం ఖరీదైన పనే కానీ ఆ పనిలో అందరూ ఒక్కమాట మీదే ఉంటారు. వేగంగా చేయడం ఇంజినీర్లకి ఎలాగూ ఇష్టం. ఇబ్బందంతా మూడో దానితోనే. రేసు చూడబుల్‌గా ఉండాలంటే కారుకి ఉన్న పట్టునో, తెలివినో కొంత తీసేయాలి, బాగా చేయడానికి జీతం తీసుకునేవాళ్లు దానికి ఊరికే ఒప్పుకోరు. హైదరాబాద్‌లో పరిగెత్తిన ఫార్ములా ఈ అనే కరెంటు రేసు కార్లు, ఫార్ములా వన్‌లో 2026 సీజన్‌కి రాసిన కొత్త నిబంధనలు, రెండూ ఈ గొడవకి రెండు రకాల జవాబులు.

హుస్సేన్ సాగర్ పక్కన కనిపించింది ఏమిటి

2023 ఫిబ్రవరి 11న ఎన్టీఆర్ మార్గ్, నెక్లెస్ రోడ్డు, కొత్త సచివాలయం పరిసరాల్లో సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాక్ మీద ఫార్ములా ఈ రేసు జరిగింది. దేశంలో అదే మొదటి ఫార్ములా ఈ రేసు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. చివరి ల్యాపుల్లో నిక్ క్యాసిడీ వెనకే అంటుకుని వచ్చాడు, వెర్న్ ఒకపక్క బ్యాటరీ మిగుల్చుకుంటూ ఇంకోపక్క దారి ఇవ్వకుండా నెట్టుకొచ్చాడు. అంతకుముందే హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగినంత ఇరుకు మలుపు) దగ్గర జాగ్వార్ టీమ్ కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుని రేసు పోగొట్టుకున్నాయి. అంటే కొట్లాట బాగానే నడిచింది.

అయినా ఆ కార్ల గురించి చాయ్ దగ్గర వినిపించే ఫిర్యాదులు రెండు. ఒకటి, సౌండ్ లేదు. రెండు, ఫార్ములా వన్ అంత స్పీడ్ లేదు. రెండూ నిజమే. కానీ దీన్ని తిరగేసి అడిగితే కథ మారుతుంది: అదే రోడ్డు మీద ఫార్ములా వన్ కార్లు వదిలితే రేసు బాగుండేదా? చాలా మటుకు ఉండేది కాదు. మొనాకోనే చూడండి. ఇరుకు వీధుల ట్రాక్, ప్రపంచంలోకెల్లా వేగంగా మలుపు తిరిగే కార్లు. 2024లో అక్కడ మొదటి పది స్థానాల్లో బయల్దేరినవాళ్లు అదే వరసలో పదిమందీ ముగించారు. చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. మరుసటి ఏడు మొనాకోలో ప్రతి కారూ కనీసం రెండుసార్లు టైర్ల కోసం పిట్‌లోకి (ట్రాక్ పక్కన టీములు కారు చూసుకునే చోటికి) రావాల్సిందేనని రూల్ పెట్టాల్సి వచ్చింది. ట్రాక్ మీద దాటలేకపోతున్నారు కాబట్టి పిట్‌లో అయినా తారుమారు అవుతారేమోనని ఆశ.

ఎందుకిలా? కారణం రెండు ముక్కల్లో ఉంది. గాలి, బ్రేకులు.

ఆర్టీసీ బస్సు వెనకాల బండి

ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సు వెనకాల బైక్ మీద దగ్గరగా వెళ్లినవాళ్లకి ఈ విషయం సగం తెలుసు. బస్సు గాలిని చీల్చుకుని పోతుంది కాబట్టి వెనకున్న బండికి ఎదురుగాలి తగ్గి కాస్త లాగినట్టు ఉంటుంది, అదే సమయంలో ఆ గాలి సుడులు తిరుగుతూ హ్యాండిల్‌ని అటూ ఇటూ ఊపుతుంది. రేసు కారుకీ ఈ రెండూ ఉంటాయి. నేరుగా వెళ్లేటప్పుడు లాగుడు లాభం, దాన్నే స్లిప్‌స్ట్రీమ్ అంటారు. మలుపులో మాత్రం ఆ సుడిగాలి శాపం. ఎందుకంటే ఫార్ములా వన్ కారు మలుపులో రోడ్డుని పట్టుకుని ఉండేది టైర్ల వల్ల ఒక్కటే కాదు, రెక్కలూ కారు కింది భాగమూ కలిసి గాలితో కిందికి నొక్కే బలం వల్ల కూడా. ఆ డౌన్‌ఫోర్స్ పూర్తి వేగంలో కారు బరువుని మించిపోతుంది. శుభ్రమైన గాలి అందకపోతే ఆ నొక్కుడు పోతుంది, ముందు టైర్లు జారుతాయి, వేడెక్కుతాయి, డ్రైవర్ వెనక్కి తగ్గుతాడు.

ఫార్ములా వన్ స్వయంగా చెప్పిన లెక్క ప్రకారం, 2022కి ముందు తరం కారు ముందున్న కారుకి 20 మీటర్ల దూరంలో ఉంటే 35 శాతం డౌన్‌ఫోర్స్ పోగొట్టుకునేది, 10 మీటర్లకి వస్తే దాదాపు సగం. ఒంట్లో సగం బలం పోయినవాణ్ని ఎదుటివాడిని దాటమన్నట్టు.

బ్రేకుల సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు, కానీ అదీ అంతే ముఖ్యం. ఓవర్‌టేక్ ఎక్కువగా జరిగేది బ్రేకు వేసే చోట, ఒకడు కాస్త ముందు, ఒకడు కాస్త ఆలస్యంగా వేయడం వల్ల. 300 దాటిన వేగం నుంచి వంద మీటర్లు అటూఇటూలో హెయిర్‌పిన్‌కి తగ్గిపోయే కారులో ఆ తేడా చూపించడానికి చోటే ఉండదు. కార్బన్ బ్రేకులు, మెత్తటి టైర్లు, భారీ డౌన్‌ఫోర్స్ కలిసి బ్రేకింగ్ దూరాన్ని అంత కుదించేశాయి. ఇంజినీరింగ్‌గా చూస్తే అద్భుతం, చూసేవాడికి మాత్రం ఊరేగింపు.

ఫార్ములా ఈ కారు కావాలనే దీనికి ఉల్టా కట్టారు. డౌన్‌ఫోర్స్ తక్కువ, వానకీ ఎండకీ ఒకటే గాళ్ల టైరు, పట్టు తక్కువ. బ్రేకింగ్ దూరం పొడుగు, వెనకాల వచ్చేవాడికి గాలి వల్ల పోయేది తక్కువ. నెక్లెస్ రోడ్డు దగ్గర కార్లు పక్కపక్కన మలుపులోకి దూరగలిగాయంటే డ్రైవర్ల ధైర్యంతో పాటు ఈ లోపాల పుణ్యం కూడా ఉంది.

ఒక రోగానికి మందు, ఇంకో రోగం

గాలి సమస్య ఫార్ములా వన్‌కి కొత్త కాదు, సగం స్వయంకృతం కూడా. 1970ల చివర్లో లోటస్ కారు కింది భాగాన్ని తలకిందులు చేసిన విమానం రెక్కలా మలిచి రోడ్డుకి అతుక్కునేలా చేసింది, 1978లో ఆ కారుతో మారియో ఆండ్రెట్టి ఛాంపియన్ అయ్యాడు. అదే ఏడు బ్రాభమ్ ఇంకో అడుగు ముందుకేసి కారు వెనకాల పెద్ద ఫ్యాన్ పెట్టింది. బయటికి ఇంజిన్ చల్లబరచడానికని చెప్పినా కింద గాలి పీల్చేయడం దాని అసలు పని. నికీ లాడా దాంతో స్వీడన్ రేసు గెలిచాడు, ఆ తర్వాత ఆ కారు మళ్లీ రేసులో కనపడలేదు. మలుపుల్లో వేగం అలా పెరిగిపోతుంటే, కింది అంచుల్లో గాలి ఆపే స్కర్టులు ఒక్క క్షణం తెగినా కారు గాలిలోకి లేచిపోయే పరిస్థితి. 1983 నుంచి కారు అడుగు చదునుగా ఉండాలన్నారు.

భద్రతకి అది సరైన నిర్ణయమే. కానీ అడుగు చదును చేశాక ఇంజినీర్లు డౌన్‌ఫోర్స్ కోసం పై రెక్కల మీద పడ్డారు, సుడిగాలి ఎక్కువగా పుట్టేది అక్కడి నుంచే.

1994 తర్వాత కూడా ఇదే జరిగింది. ఆ ఏడాది ఇమోలాలో ఏప్రిల్ 30న రోలాండ్ రాట్జెన్‌బర్గర్, మర్నాడు అయర్టన్ సెన్నా చనిపోయారు. మలుపుల్లో వేగం తగ్గించడానికి అదే సీజన్ మధ్యలో కారు కింద చెక్క పలక పెట్టించారు, 1995లో ఇంజిన్ 3.5 లీటర్ల నుంచి 3 లీటర్లకి దించారు, 1998లో కార్ల వెడల్పు తగ్గించి టైర్లకి గాళ్లు పెట్టారు. వేగం తగ్గించాలన్నది బాగానే ఉంది. అయితే టైరు పట్టు తగ్గిస్తే కారు గాలి మీద ఇంకా ఎక్కువ ఆధారపడుతుంది, అంటే వెనకాల వచ్చేవాడి కష్టం పెరుగుతుంది. ఆ తర్వాతి దశాబ్దమంతా దాటడాలు తక్కువైపోయాయన్న గోల దాని ఫలితమే. 2009లో నున్నటి టైర్లు తిరిగొచ్చాయి, రెక్కలు మార్చారు. అదీ చాల్లేదని 2011లో డీఆర్ఎస్ అని వెనక రెక్క తెరుచుకునే ఏర్పాటు పెట్టారు. ఒక సెకను లోపు దూరంలో ఉంటే వెనకున్నవాడు రెక్క తెరిచి సర్రున దూసుకుపోవచ్చు. దాటడాలు పెరిగాయి, విలువ తగ్గింది. హైవే మీద లారీని దాటినట్టుగా ఉందని విసుక్కున్నవాళ్లు చాలామంది.

2022లో ఈ చక్రం మొదటికొచ్చింది. కారు కింద సొరంగాలు మళ్లీ తెచ్చారు, ఈసారి భద్రత లెక్కలు చూసుకుని. ఫార్ములా వన్ చెప్పిన ప్రకారం కొత్త కారు 20 మీటర్ల దూరంలో 4 శాతం, 10 మీటర్లలో 18 శాతం మాత్రమే పోగొట్టుకోవాలి. మొదట్లో కార్లు నిజంగానే దగ్గరగా వెంబడించాయి. కానీ నేలకి అంత ఆనుకుని పోయే కారు గాలి తెగినప్పుడల్లా లేచి పడటం మొదలెట్టింది, డ్రైవర్ల నడుములు విరిగేంత పని అయింది. కారు మీద గాలి ఊది పరీక్షించే విండ్ టన్నెల్‌లో ఎవరికీ ముందు సరిగా దొరకని సమస్య అది. ఆ ఊగుడుకి రేసింగ్ రూల్స్ చూసే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఐఏ హద్దు పెట్టింది, 2023కి కారు అడుగు అంచుల్ని 15 మిల్లీమీటర్లు పైకి లేపించింది. ఈలోగా టీములేమో ముందు టైర్ల సుడిగాలిని బయటికి తోసేసే పాత విద్యని కొత్త దారుల్లో వెనక్కి తెచ్చుకున్నాయి, 2024, 2025 నాటికి వెనకాల రాలేకపోతున్నామని డ్రైవర్లు మళ్లీ మొదలుపెట్టారు. ఇందులో తప్పెవరిదని అడగడం అనవసరం. రూలు రాసేది పదిమంది, దాంట్లో సందు వెతికేది వెయ్యిమంది.

ప్రాణం దగ్గర పేచీ లేదు

భద్రత వైపు చరిత్ర మాత్రం దాదాపు ఒకే దిశలో సాగింది. 1955లో లె మాన్స్‌లో మెర్సిడెస్ కారు ప్రేక్షకుల మీదకి ఎగిరి 80 మందికి పైగా చనిపోయారు, స్విట్జర్లాండ్ ఆ దెబ్బకి సర్క్యూట్ రేసులే నిషేధించింది. 1986లో పోర్చుగల్ ర్యాలీలో, తర్వాత కోర్సికాలో జరిగిన చావులతో గ్రూప్ బి అనే ర్యాలీ కార్లకి తెర పడింది. వాటికి ఇప్పటికీ అభిమానులున్నారు, రోడ్డు అంచున జనం నిలబడి కారుని తాకబోయే వీడియోలు ఇప్పటికీ తిరుగుతుంటాయి. ఆ వినోదంలో సగం ప్రమాదమే.

1981లో మెక్‌లారెన్ కార్బన్ ఫైబర్‌తో కారు గుల్ల మొత్తం కట్టింది. అప్పట్లో అది పొడి పొడి అయిపోతుందని అనుమానించారు, అదే ఏడు మోంజాలో జాన్ వాట్సన్ కారు రెండు ముక్కలైనా అతను నడిచి బయటికొచ్చాక ఆ అనుమానం పోయింది. తేలికగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, వేగానికీ ప్రాణానికీ ఒకేసారి పనికొచ్చింది కాబట్టి ఎవరూ గొడవ పెట్టలేదు. అలాంటివి అరుదు.

హేలోకి ఆ అదృష్టం లేదు. డ్రైవర్ తల చుట్టూ ఉండే ఈ టైటానియం చట్రం వేగానికి ఏమాత్రం పనికిరాదు, పైగా చూడటానికి చెప్పు పట్టీలా ఉందని ఎగతాళి. 2018లో తప్పనిసరి చేసినప్పుడు మెర్సిడెస్ బాస్ టోటో వోల్ఫ్ రంపం దొరికితే కోసేస్తానన్నాడు. వ్యతిరేకించిన డ్రైవర్లలో రొమైన్ గ్రోజాన్ ఒకడు. 2020 నవంబర్ 29న బహ్రెయిన్‌లో అదే గ్రోజాన్ కారు గంటకు 192 కిలోమీటర్ల వేగంతో ఇనుప కంచెలోకి దూరి రెండుగా చీలి మండిపోయింది. దెబ్బ 67 జీ, అంటే భూమి లాగే బలానికి 67 రెట్లు. కంచె రేకుల్ని తలకి తగలకుండా విడదీసింది హేలో. దాదాపు అరనిమిషం తర్వాత మంటల్లోంచి తనే ఎక్కి బయటికొచ్చాడు, చేతులు కాలాయి, అంతే. 2022లో సిల్వర్‌స్టోన్‌లో ఝౌ గ్వాన్యూ కారు తిరగబడినప్పుడు తల వెనకాల రక్షణకి ఉండే రోల్ హూప్ అనే కమ్మీ విరిగిపోయింది, ఆపింది హేలోనే. మరుసటి ఏడాదికి రోల్ హూప్ పరీక్షలు కఠినం చేశారు. ఆ తర్వాత హేలో అందం గురించి ఎవరూ మాట్లాడలేదు.

గట్టిదనం ఎక్కువైనా ప్రమాదమేనని అమెరికా కార్ రేసుల సిరీస్ నాస్కార్ నేర్చుకుంది. 2022లో అక్కడ తెచ్చిన కొత్త కారు పెద్ద ప్రమాదాల్లో డ్రైవర్‌ని బాగానే కాపాడింది గానీ వెనకభాగం మరీ బిర్రుగా ఉండటంతో చిన్నచిన్న గుద్దుళ్లకే తల అదిరిపోయేది. కర్ట్ బుష్, అలెక్స్ బౌమన్ మెదడు అదురు దెబ్బలతో రేసులకి దూరమయ్యారు. కారు నలగకపోతే ఆ శక్తి మనిషి ఒంట్లోకి పోతుంది. 2023కి వెనకభాగం నలిగేలా మార్చారు. రోడ్డు మీద కారు బానెట్ చిన్న గుద్దుడుకే ముడుచుకుపోయిందని షోరూంలో గొడవపెట్టేవాళ్లకి కూడా ఇది పనికొచ్చే సంగతే.

బరువు, తారు

భద్రత వినోదాన్ని నేరుగా దెబ్బతీయదు. పక్కదారిన వస్తుంది. అందులో ఒకటి బరువు. 2009లో ఫార్ములా వన్ కారు కనీస బరువు డ్రైవర్‌తో కలిపి 605 కిలోలు, 2022కి అది 798. హైబ్రిడ్ బ్యాటరీ, మోటార్లు, క్రాష్ పరీక్షలకి తగ్గ గట్టి గుల్ల, హేలో, పెద్ద చక్రాలు, అన్నీ కలిసి దాదాపు ఒక బుల్లెట్ బండిని నెత్తిన పెట్టుకున్నట్టు. బరువైన కారు గుద్దితే దెబ్బ పెద్దది, దాన్ని తట్టుకోవడానికి ఇంకా గట్టిగా కట్టాలి, అందుకు మళ్లీ బరువు. కారు పొడుగూ వెడల్పూ పెరగడంతో పాత ఇరుకు ట్రాకుల్లో పక్కన దూరే సందు కూడా పోయింది.

రెండోది ట్రాక్ అంచులు. పాతకాలంలో మలుపు తప్పితే గులకరాళ్లలోకి పోయి రేసు ముగిసేది. కారు రాళ్లలో పల్టీలు కొట్టే ప్రమాదం ఉందని చాలాచోట్ల తారు పోశారు. ఇప్పుడు తప్పు చేసినవాడు తారు మీద అలా ఓ చుట్టు తిరిగి వచ్చేస్తాడు, కొన్నిసార్లు అలా వెళ్తేనే వేగం ఎక్కువ. 2023 ఆస్ట్రియా రేసులో హద్దు దాటారన్న అనుమానాలు 1,200 పైచిలుకు వచ్చిపడ్డాయి, రేసు అయిపోయిన గంటల తర్వాత ఫలితాలు మారాయి. చూసినవాడికి ఎవడు ఎన్నోస్థానమో నిద్రపోయేముందు తెలియలేదు. 2024కి ఆ మలుపుల దగ్గర తెల్లగీత పక్కనే సన్నటి గులకరాళ్ల పట్టీ వేశారు, సమస్య చాలా మటుకు పోయింది. కోట్లు పోసిన కెమెరాలు చేయలేనిది రెండు లారీల కంకర చేసింది.

కారు నడిపేది ఎవరు

1992లో నైజల్ మాన్సెల్ నడిపిన విలియమ్స్ కారులో యాక్టివ్ సస్పెన్షన్ ఉండేది. కంప్యూటరే కారు ఎత్తుని ప్రతి గుంతకీ సర్దేసేది. సాంకేతికంగా ఆ తరాన్ని మించిన కారు ఆ తర్వాతా ఎక్కువ రాలేదు. 1994కి ఆ సస్పెన్షన్‌నీ, చక్రాలు జారి ఊరికే తిరగకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్‌నీ, బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌నీ నిషేధించారు. మామూలు హ్యాచ్‌బ్యాక్‌లో కూడా ఉండే ఏబీఎస్ ఫార్ములా వన్ కారులో ఎందుకు లేదని అడిగేవాళ్లకి జవాబు ఇదే: బ్రేకు లాక్ అయి పొగ రావడం కూడా ఆటలో భాగమే, తప్పు చేసే అవకాశం డ్రైవర్‌కి ఉండాలి.

ఫార్ములా ఈలో ఆ కంప్యూటర్ ఇంకో రూపంలో ఉంది. గుల్ల, బ్యాటరీ అందరికీ ఒకటే, టీములు పోటీపడేది వెనక మోటారు, గేరు, ముఖ్యంగా సాఫ్ట్‌వేర్ మీద. హైదరాబాద్ వచ్చిన మూడో తరం కారు బ్రేకు వేసినప్పుడు 600 కిలోవాట్ల దాకా తిరిగి బ్యాటరీలోకి లాగగలదు, వెనక చక్రాల బ్రేకింగ్ మోటారుదే. ఇంత గొప్ప పని, కానీ గ్రాండ్‌స్టాండ్‌లో కూర్చున్నవాడికి అందులో ఒక్కటీ కనపడదు. ఆరు చక్రాల టైరెల్ కారు చూసి 1976లో ఎవరైనా నోరెళ్లబెట్టేవారు, కోడ్ చూసి ఎవడు చప్పట్లు కొడతాడు? కనపడని టెక్నాలజీకి టికెట్ అమ్మడం కష్టం. సౌండ్ లేదన్న ఫిర్యాదు వెనక అసలు బాధ ఇదే అయ్యుంటుంది.

పైగా బ్యాటరీ పొదుపు ఒక విచిత్రం తెచ్చింది. ముందున్నవాడు గాలి చీల్చి ఎక్కువ కరెంటు ఖర్చుపెడతాడు కాబట్టి 2023లో బెర్లిన్, పోర్ట్‌లాండ్ లాంటి వెడల్పు ట్రాకుల్లో ముందుండటం ఎవరికీ ఇష్టం లేకపోయింది. సైకిల్ రేసులా గుంపుగా సాగుతూ స్థానాలు వందలసార్లు మారాయి. అంకెల్లో అద్భుతమైన రేసు. అయితే గుంపు బిగిసే కొద్దీ ముందు రెక్కలు విరగడం, ఎవడు నిజంగా ముందున్నాడో అర్థం కాకపోవడం కూడా ఉన్నాయి. ఓవర్‌టేకుల లెక్క పెరిగితే రేసు బాగున్నట్టే అనుకునేవాళ్లు ఆ రేసులు పూర్తిగా చూడాలి.

2026, ఆ తర్వాత

ఫార్ములా వన్ 2026 నిబంధనలు పై గొడవలన్నిటికీ ఒకేసారి జవాబు చెప్పే ప్రయత్నం. కనీస బరువు 768 కిలోలకి దిగింది. వెడల్పు 10 సెంటీమీటర్లు, చక్రాల మధ్య పొడుగు 20 సెంటీమీటర్లు తగ్గాయి. శక్తిలో సుమారు సగం కరెంటుది, ఎలక్ట్రిక్ మోటారు 120 కిలోవాట్ల నుంచి 350కి పెరిగింది. డీఆర్ఎస్ పోయింది. దాని బదులు రెక్కలు అందరికీ నేరు దారిలో పడుకుంటాయి, మలుపులో లేస్తాయి, వెనకున్నవాడికి ఇచ్చే సాయం రెక్కతో కాకుండా అదనపు కరెంటుతో. అంటే ఇక్కడా రేసు కొంత బ్యాటరీ లెక్కల్లోకి వెళ్లింది, ఫార్ములా ఈ పడ్డ పాట్లే ఇక్కడా పడే అవకాశం ఉంది. బరువు తగ్గించమని రూల్లో రాయడం తేలిక, అంత బ్యాటరీ పెట్టుకుని తగ్గించడం టీములకి చుక్కలు చూపించే పని.

ఫార్ములా ఈ ఇంకో వైపు నుంచి అక్కడికే వస్తోంది. 2026-27 నుంచి వచ్చే నాలుగో తరం కారు గరిష్ఠ శక్తి 600 కిలోవాట్లు, హైదరాబాద్‌లో చూసిన కారుకి 350. నాలుగు చక్రాలకీ ఎప్పుడూ శక్తి అందుతుంది. స్పీడ్ లేదన్న ఫిర్యాదుకి ఇది గట్టి సమాధానమే, కానీ దానికి అద్దె కట్టాల్సింది ట్రాక్. గుద్దినప్పుడు వచ్చే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది: 200తో వచ్చే కారు 240తో వస్తే వేగం 20 శాతమే పెరిగింది, గోడకి తగిలే శక్తి 44 శాతం పెరిగింది. ఊరి మధ్యలో తాత్కాలికంగా కాంక్రీటు దిమ్మెలు పేర్చి కట్టే ట్రాక్‌లో పక్కకి జరగడానికి స్థలం ఉండదు. హుస్సేన్ సాగర్ దగ్గర ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు పార్కులు, సచివాలయం.

2024 ఫిబ్రవరికి అనుకున్న రెండో హైదరాబాద్ రేసు ఒప్పందం వివాదంతో జనవరిలోనే రద్దయింది, కాబట్టి ఈ ప్రశ్న ఇక్కడ ప్రస్తుతానికి కాగితం మీదే ఉంది. మళ్లీ ఎప్పుడైనా వస్తే టికెట్ల కంటే ముందు తేల్చాల్సింది ఆ హెయిర్‌పిన్ సంగతే. 350 కిలోవాట్ల కార్లకే అక్కడ రెండు జాగ్వార్లు ఒకదాంట్లోకి ఒకటి దూరాయి.